సగం డబ్బా బరువు

ఆయన పోయారని మొన్న శనివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆయన మేనకోడలు. "నిద్రలోనే పోయారు, బాధపడలేదు" అని ఆవిడ చెబుతుండగానే నేను అడిగిన మొదటి మాట, "ఆ డబ్బా ఎక్కడుంది?"

నాకు సిగ్గేసింది. మనిషి పోయాడంటే ఎప్పుడు, ఎలా, దహనం ఎక్కడ అని అడుగుతారు. కానీ డెబ్భై తొమ్మిదో సంవత్సరం నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, ఆ ప్రశ్న నా నాలుక మీద కూర్చుని ఉంది. సందు దొరగ్గానే దూకింది.

"మీకే ఇమ్మని చీటీ రాసి పెట్టారు. స్కేల్-సాన్‌కి అని," అంది ఆవిడ చివరికి.

స్కేల్-సాన్, అంటే కాటా గారు, నేనే. ఆ పేరు ఆయన పెట్టిందే. ఇక్కడ అమెరికాలో, సన్నీవేల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో, పళ్ళు ప్యాక్ చేసే షెడ్లలో ఉండే కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి సరిచేయడం నా ఉద్యోగం. నా కారు వెనక సీట్లో ఎప్పుడూ ఒక చిన్న కాటా, ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో ఇత్తడి తూకపు రాళ్ళు ఉంటాయి. చదువు ఇంటర్ దగ్గర ఆగింది. లెక్కలు ఎవరూ నేర్పలేదు. తెనాలిలో బియ్యం మిల్లు కాటా పక్కన కూర్చుని నాకు నేనే పట్టుకున్నాను. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టడం అక్కడి అలవాటు. వేలికి మూడు, చేతికి పన్నెండు. ఇన్నేళ్ళయినా పోలేదు.

ఆయన పేరు రాయను. జపాను వాళ్ళ గుడి హాల్లో అందరూ సెన్సేయ్ అనేవాళ్ళు, ముందు పుట్టినవాడు, గురువు అని. నాకు మొదటి రోజే నోటికి 'మాస్టారు' అని వచ్చేసింది. ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, "రెండు భాషల్లోనూ ముసలివాణ్ణే," అని నవ్వారు. ఆయన పగలు ఊళ్ళో వాళ్ళ తోటలు కత్తిరించే తోటమాలి. ఏటా వసంతకాలంలో ఆ హాల్లో కబుకి నాటకం నుంచి ఒక ఘట్టం ఆడతారు. పాట, ఆట, ఆర్భాటం, కదలకుండా నిలబడి కళ్ళు తిప్పడం, అన్నిటికన్నా ముఖం నిండా రంగు: మన పద్యనాటకాన్నీ వీధినాటకాన్నీ ఎరిగినవాళ్ళకి అది కొత్తగా ఉండదు. జపానులో ఎవరి రంగు వాళ్ళే వేసుకుంటారట. ఇక్కడ ఆడేవాళ్ళు పంటి డాక్టర్లు, స్కూలు టీచర్లు, ఇంజినీర్లు. వాళ్ళకి చేతకాదు కాబట్టి అందరి ముఖాలూ మాస్టారే వేసేవారు.

మా సుధకి అప్పుడు పద్నాలుగేళ్ళు. స్కూల్లో జపాను స్నేహితురాళ్ళతో కలిసి ఆ హాల్లో డాన్సు నేర్చుకునేది. ఆ ఏడాది రాకుమారి వేషం కట్టవలసిన అమ్మాయి వాళ్ళ కుటుంబం వేరే రాష్ట్రానికి వెళ్ళిపోవడంతో ఆ వేషం సుధకి వచ్చింది. మా ఆవిడకి నచ్చలేదు.

"మన పిల్ల చామనఛాయ. దాన్ని తీసుకెళ్ళి తెల్లసున్నం కొడతారా? ఊరంతా నవ్వదూ?"

"అమ్మా, ఇది ఆ టైపు వైట్ కాదు," అంది సుధ తన అమెరికా తెలుగులో. "అందరికీ అదే వేస్తారు. వాళ్ళకి కూడా."

మాస్టారు కూడా అదే అన్నారు. "తెలుపు వేశాక ఏ ఊరి పిల్లా ఉండదు. రాకుమారి ఒక్కతే ఉంటుంది."

మొదటి రంగు రిహార్సల్‌కి నేనే దింపాను. హాలు వెనక గదిలో ఒక హీటరు, చాపలు, అద్దం. అద్దం అంచున ఒక పాత ఫోటో. అందులో ఒకావిడ వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. తెల్లగా పూసిన మెడ మాత్రమే కనిపిస్తుంది. మాస్టారు మైనం ముద్దని అరచేతుల మధ్య రుద్ది కరిగించి సుధ ముఖానికి, మెడకి పట్టించారు. తర్వాత గట్టి మైనంతో కనుబొమలు అదిమేశారు. నా కళ్ళముందే నా కూతురి కనుబొమలు మాయమయ్యాయి.

"ముందు ముఖం పోవాలి," అన్నారు. "తర్వాత వస్తుంది."

ఈ మాట ఆయన ప్రతి ముఖం దగ్గరా అనేవారు. మిగతావాళ్ళకి అలవాటే. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. పిల్ల ముఖం పట్టుకుని 'పోవాలి' అనడం మన ఇళ్ళల్లో వినే మాట కాదు.

భయం వేసినప్పుడు నేను అంకెలు అడుగుతాను. "పౌడరు ఎన్ని గ్రాములు కలుపుతారు?"

"చాలు అనేదాకా."

"ఎవరు చాలు అనేదాకా?"

"ముఖం."

"నీళ్ళెన్ని?"

"ఆరడానికి మూడు ఊపిరులు పట్టేటన్ని." ఆయన నా చేతివైపు చూశారు. బొటనవేలు కణుపుల మీద తిరుగుతోంది. "అదేమిటి, జపమా?"

"లెక్కండీ. ఎన్ని బ్రష్షు దెబ్బలు వేశారో చూస్తున్నాను. ఇప్పటికి ముప్పై ఎనిమిది."

ఆయన పగలబడి నవ్వారు. "స్కేల్-సాన్, వీరులకి ముఖం మీద ఎర్ర గీతలు వేస్తాం. దయ్యాలకి, లోపల ఏదో కుళ్ళబెట్టుకునేవాళ్ళకి నీలం. మీకు వేయాల్సి వస్తే నీలమే. మీ ముఖంలో నీలం ఉంది."

ఆయన నవ్వినప్పుడు చిగుళ్ళ అంచున సన్నటి గీత కనిపించింది. నీలంగా, పెన్సిలుతో గీసినట్టు. పాన్ లాంటిదేదో నములుతారు కాబోలు అనుకున్నాను. ఎక్కడో చూశానని మాత్రం అనిపించింది.

తెలుపు అయిపోయింది. మెడ వెనక రెండు కొనదేలిన చోట్ల చర్మం అలాగే వదిలేశారు. కళ్ళ కొసల్లో ఎరుపు దిద్ది, నోటిని గోరంత చేశారు. అప్పుడు నేను "సుధా" అని పిలిచాను. ఆ ముఖం నావైపు తిరగలేదు. మళ్ళీ పిలిచాను. అద్దంలోంచి ఎవరో పిల్ల నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. ఇంటికొచ్చాక సుధ నవ్వింది: "నాన్నా, నేను విన్నాను. రంగు ఆరేదాకా మాట్లాడకూడదు, పాత పేరుకి పలకకూడదు. అది మాస్టారి రూల్." ఆయన తెలుపు పూశాక ఎవర్నీ సొంత పేరుతో పిలిచేవారు కాదు. సుధని రాకుమారీ అనేవారు.

మెడ పూసేటప్పుడు ప్రతిసారీ ఆయన ఫోటో వంక చూసేవారు. చూసి, ఎవరూ అడక్కుండానే, రెండు ముక్కలు అనేవారు. "మంచి మెడ. ముప్పై ఏళ్ళు వేశాను." ఇంకో రోజు: "ఒక బిడ్డ ఉండేది. పదకొండు నెలలు. కంచె లోపల, ఫిబ్రవరిలో. ఫిట్స్." అంతే. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఈ పడమటి తీరంలో ఉన్న జపాను వాళ్ళందర్నీ ప్రభుత్వం ముళ్ళకంచె శిబిరాల్లో పెట్టింది. చేతులతో మోయగలిగినంతే తెచ్చుకోమన్నారట. ఆయన బట్టలు తగ్గించుకుని రంగు డబ్బాలు పెట్టుకున్నారట. శిబిరంలో కూడా నాటకాలాడారు. ఫోటోలో ఉన్నది ఆయన భార్యే, రాకుమారి వేషాలే వేసేది.

"బట్టలు తగ్గించి?" అన్నాను. "అంత చలిలో?"

"చలి అందరికీ ఒకటే. ఆ తెలుపు నా దగ్గరే ఉంది."

రెండో రిహార్సల్ నాడు ఆయన చేతులు మైనంలో ఉండి, "పై అరలో పాత డబ్బా, ఇలా ఇవ్వండి," అన్నారు. అరలో ఒకే సైజువి రెండు డబ్బాలున్నాయి. కొత్తది నిండుగా ఉంది, మిగతా వేషాలన్నిటికీ అదే. పాతది రాకుమారికి మాత్రమే. ముందు పొరపాటున కొత్తది తీశాను, పెట్టేసి పాతది తీసుకున్నాను. మూత వదులుగా ఉంది. లోపల సగం కూడా లేదు.

నా చెయ్యి కిందికి దిగింది.

ఇరవై ఏళ్ళుగా బరువులు ఎత్తి దించే చెయ్యి అది. కన్ను మోసపోతుందేమో గానీ అది మోసపోదు. నిండు డబ్బా కన్నా సగం డబ్బా బరువుగా ఉంది.

"జాగ్రత్త," అన్నారు మాస్టారు. "యుద్ధానికి ముందు జపానులో కొన్నది. ఇప్పుడెక్కడా అమ్మరు. కొత్త తెలుపు ముఖం మీద కూర్చుంటుంది. ఇది ముఖంలోంచి వస్తుంది."

ఆయన బ్రష్షు అందుకున్నారు. కుడి చెయ్యి చాచారు. మణికట్టు వాలిపోయి వేళ్ళు కిందికి వేలాడాయి. ఎడమచేత్తో ఆ మణికట్టుని కిందనుంచి ఎత్తి పట్టుకుని గీత గీశారు. మొదటి రోజూ అలాగే పట్టుకున్నారు. అదేదో వాళ్ళ పద్ధతి అనుకున్నాను. ఇప్పుడు నా చేతిలో ఆ బరువు ఇంకా ఉండగా చూశాను. ఆ చేతిని ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

మా రెండో బాబాయి తెనాలిలో నాటకాల కంపెనీలో ఆడవేషాలు కట్టేవాడు. ఆయన రంగుపెట్టెలో ఎర్ర గుడ్డలో చుట్టి సఫేదా ఉండేది. తెల్లటి మెత్తటి పొడి. పిడికెడు పొట్లం పట్టుకుంటే చెయ్యి లాగేది. నలభై దాటేసరికి బాబాయి మణికట్లు రెండూ వాలిపోయాయి. కాఫీ గ్లాసు జారిపోయేది. "ఏవమ్మోయ్, గాజులు బరువా?" అని రిక్షావాళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళు. ఇంట్లో దిష్టి అన్నారు, పక్షవాతం అన్నారు. మద్రాసులో ఒక డాక్టరు ఆయన పెదవి పైకెత్తి చిగుళ్ళ మీద నీలపు గీత చూసి, "ముఖానికి ఏం పూస్తావు?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది, సఫేదా అంటే సీసమని. అప్పటికే ఆలస్యమైంది.

బాబాయి కంపెనీలో ఒక కట్టడి ఉండేది. సఫేదా పూసుకున్నాక నల్లుప్పు వేసిన మజ్జిగ తాగకూడదు. తాగితే ఆడవేషానికి మీసం మొలుస్తుందనేవాళ్ళు. అదొక హాస్యం మాకు. ఒకసారి ఒక కొత్త కుర్రాడు తెలియక తాగేసి స్టేజి ఎక్కాడు. నిజంగానే పైపెదవి మీద నల్లటి చార వచ్చింది. జనం ఈలలు. కోడిగుడ్డు కంపు కొట్టే ఆ ఉప్పు తగిలితే సీసపు తెలుపు నల్లబడుతుందని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు.

ఆ రోజు సుధ ముఖానికి ఆ తెలుపు పూస్తుంటే నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదంటే, ఖాయంగా తెలియనిది నోటితో చెప్పకూడదని నా వృత్తి నేర్పింది. కాటా తప్పని చెప్పాలంటే ముందు రాయి పెట్టి చూడాలి. ఈ జాగ్రత్త వల్ల నా కూతురికి ఇంకో పూత పడింది. దాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో రిహార్సల్‌కి కారులోంచి చిన్న కాటా తీసుకెళ్ళాను. మాస్టారు వచ్చేలోపు తూచాను. కొత్త డబ్బా, నిండుగా: రెండు వందల ముప్పై ఎనిమిది గ్రాములు. పాతది, సగం: మూడు వందల డెబ్భై ఒకటి. రంగు అయ్యాక ఆయన బ్రష్షులు కడగడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ తూచాను: మూడు వందల అరవై ఏడు. ఒక ముఖానికి, మెడకి నాలుగు గ్రాములు. అరగ్రాము కూడా ఉండదు, ఒక చిటికెడు కాగితంలో పొట్లం కట్టుకున్నాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. సుధ ముఖం కడుక్కుంటుంటే వెనక నిలబడి, "చెవుల వెనక ఉంది. ఇంకా ఉంది. మళ్ళీ రుద్దు," అంటూనే ఉన్నాను.

"నాన్నా, స్కిన్ ఊడిపోతుంది!"

మర్నాడు పొద్దున వంటింట్లో సాసరు మీద ఆ పొడి పోసి తడిపాను. మా ఆవిడ చాట్‌లో వేసే నల్లుప్పు సీసా తీశాను.

"ఏవండీ, పొద్దున్నే నల్లుప్పెందుకు?"

"మీసం మొలుస్తుందేమో చూద్దామని."

బాబాయి కథ ఆవిడకి తెలుసు. నవ్వబోయింది. నేను ఉప్పునీళ్ళు చెంచాతో వేశాను. చుక్క పడిన చోట తెలుపు ముందు మట్టిరంగుకి తిరిగింది, తర్వాత ముదిరింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇద్దరం ఆ సాసరు వంక చూస్తూ నిలబడ్డాం. పై గదిలో సుధ రాకుమారి పాట కూనిరాగం తీస్తోంది.

"ఎన్నిసార్లు పూశాడాయన?" అంది.

"మూడు."

"అంటే ఎంత?"

"పైన పన్నెండు గ్రాములు. లోపలికెంత పోయిందో..." నా దగ్గర దానికి కాటా లేదు.

ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు. సుధ గ్లాసు ఎత్తితే మణికట్టు చూసేవాణ్ణి. అన్నం వదిలేస్తే కడుపునొప్పా అని అడిగేవాణ్ణి. లైబ్రరీకి వెళ్ళి వైద్యం పుస్తకాలు తిరగేశాను. పెద్దల చేతులు పడిపోతాయని బాబాయి వల్ల తెలుసు. నాకు తెలియనిది ఇంకో పేజీలో ఉంది. పాలిచ్చే తల్లి మెడకీ రొమ్ముకీ ఈ తెలుపు పూసుకుంటే, ఆమెకి ఏమీ కాకపోయినా చంకలో బిడ్డకి అది ఎక్కుతుందట. ముందు చిరాకు, వాంతులు, తర్వాత ఫిట్స్. జపానులో ఒకప్పుడు అలా పోయిన పసిపిల్లలు చాలామందట.

పుస్తకం మూసేశాను. పదకొండు నెలలు. ఫిబ్రవరి. మంచి మెడ.

అప్పటిదాకా నా భయం ఒకటే, నా కూతురి గురించి. ఆ సాయంత్రం నుంచి రెండయ్యాయి. ఆయనకి చెప్పకపోతే సుధకి ఇంకో పూత పడుతుంది. చెబితే, ముప్పై అయిదేళ్ళ క్రితం కంచె లోపల తన చేతులతో తానేం చేశాడో ఆయనకి తెలిసిపోతుంది.

"వేషం మానెయ్యవే," అన్నాను సుధతో.

"వాట్? షో ఎల్లుండి! నాన్నా, ఆ పాత వైట్ ఆయన ఇంకెవరికీ వెయ్యరు. ఓన్లీ నాకు. నేను ఇండియన్ని అయినా. నీకు అర్థం కాదు."

అర్థమైంది. అదే నా భయం. ఆయన ఆ పిల్లకి తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచిది ఇస్తున్నాననుకుంటున్నారు.

నాటకం రోజు మధ్యాహ్నం అందరికన్నా ముందు వెళ్ళాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. కుడిచేతికి బ్రష్షుని గుడ్డపేలికతో కట్టుకుంటున్నారు. పట్టు నిలవక, పెద్ద ప్రదర్శనలకి అలా కట్టుకునేవారట. నేను ఏమీ చెప్పకుండా సాసరు పెట్టి, పాత డబ్బాలోంచి చిటికెడు వేసి, ఉప్పునీళ్ళు పోశాను. కొత్త డబ్బాలోంచి ఇంకో చిటికెడు వేసి దానిమీదా పోశాను. కొత్తది తెల్లగానే ఉంది. పాతది నల్లబడింది.

"ఇదేం మ్యాజిక్, స్కేల్-సాన్?"

చెప్పాను. సీసం అన్నాను. మా బాబాయి చేతుల గురించి చెప్పాను. చిగుళ్ళ గీత గురించి చెప్పాను. ఆయన అద్దం దగ్గరికి వెళ్ళి పెదవి ఎత్తి చూసుకున్నారు. నిదానంగా దించారు.

"నీలం," అన్నారు. "మీ ముఖంలో ఉందన్నాను."

నేను సాసరు పక్కకి జరిపాను.

"రాకుమారికి ఎన్నిసార్లు వేశాను?" అప్పటివరకు ఆయన నన్ను ఏ అంకే అడగలేదు.

"మూడు."

ఆయన కట్టుకున్న పేలిక విప్పసాగారు. పళ్ళతో ముడి లాగుతూ ఆగిపోయారు. ఫోటో వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఇంక నేను పరిగెత్తి పారిపోదామనుకున్నాను. అడగబోతున్నారని తెలిసిపోయింది.

"ఇది," అన్నారు అటే చూస్తూ, "పూసుకున్నవాళ్ళకేనా? పక్కన పడుకునేవాళ్ళకి కూడానా?"

నా ఉద్యోగంలో ఒక్క కాటా గురించి కూడా తప్పు అంకె రాయలేదు. రాయమని అడిగినవాళ్ళున్నారు. రాయలేదు.

"పూసుకున్నవాళ్ళకే," అన్నాను. "పక్కవాళ్ళకి ఏమీ కాదు. పుస్తకంలో చూశాను."

ఆయన నా ముఖం చూడలేదు. నా చెయ్యి చూశారు.

"మీరు ఏది చెప్పినా మీ బొటనవేలు కదులుతుంది, స్కేల్-సాన్," అన్నారు మెల్లగా. "ఇప్పుడు కదల్లేదు."

బయట పిల్లలు వస్తున్న చప్పుడు. ఆయన పాత డబ్బా మూత బిగించారు. సుధ వచ్చి కూర్చుంది. మైనం పట్టించి, కనుబొమలు అదిమి, కొత్త డబ్బా తీశారు. సుధ అద్దంలో అది గమనించి నావైపు తిరిగి చూసింది, ఆ చూపులో ఎంత కోపం ఉందో! ఆయన వంగి చెప్పారు: "రాకుమారీ, పాతది పాడైపోయింది. తప్పు నాది." 'ముందు ముఖం పోవాలి' అనే మాట మాత్రం ఆ రోజు అనలేదు. మెడ పూసేటప్పుడు ఫోటో వంక చూడలేదు.

నాటకం బాగా జరిగింది. చప్పట్లు మోగాయి. నేను మూడో వరసలో కూర్చుని సుధ మణికట్లే చూశాను. విసనకర్ర తిప్పినప్పుడల్లా అవి నిటారుగానే ఉన్నాయి.

అయ్యాక ఆ డబ్బా నాకిచ్చెయ్యమని అడిగాను, జాగ్రత్తగా పారేయిస్తానన్నాను. తల అడ్డంగా ఊపారు. "నా దగ్గరే ఉండనివ్వండి. ఇంకెవరి ముఖానికీ వెయ్యను." మాటిచ్చారు కదా అని ఊరుకున్నాను. సోమవారం సుధని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి రక్తం తీయించాను. భయపడాల్సిందేమీ లేదన్నాడాయన. అంకె అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ అంకె సున్నా కాదు. సుధ నాతో నెల రోజులు మాట్లాడలేదు. విషయం చెప్పాక ఏడ్చింది, తనకోసం కాదు.

ఆ తర్వాత మాస్టారు ముఖాలు వేయడం మేనకోడలికి నేర్పి మానేశారు. ఎప్పుడైనా తోటల దగ్గర కనిపిస్తే చెయ్యి ఊపేవారు. ఊపితే అది మణికట్టు దగ్గర వంగేది. "నీలం తగ్గిందా?" అని అడిగేవారు నన్ను. డబ్బా ఉందా అని నేను అడగబోయి మింగేసేవాణ్ణి.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. మేనకోడలు గుడ్డలో చుట్టిన డబ్బా తెచ్చి ఇచ్చింది. మూతకి టేపు వేసి ఉంది.

"ఇందులో ఏముంది? ఏటా ఫిబ్రవరిలో ఒక రోజు మధ్యాహ్నం ఇది పట్టుకుని తలుపు వేసుకునేవారు. అత్తయ్య ఫోటో కూడా లోపలికి తీసుకెళ్ళేవారు. రెండు గంటలకి ముఖం కడుక్కుని వచ్చేవారు. చెవుల వెనక తెల్లగా ఉండిపోయేది. అడిగితే, ఇది పూసుకున్నవాళ్ళకే, నీకేం కాదు అనేవారు. ఏమిటో ఆ మాట."

నా మాట అది.

కారులో కూర్చుని కాటా తీసి ముందు సీటు మీద సమంగా నిలిపాను. రాళ్ళు పెట్టి అది సరిగ్గా ఉందో లేదో చూశాను. ఉంది. గుడ్డ విప్పి డబ్బా పెట్టాను. ఆనాడు మూడు వందల అరవై ఏడు. ఇప్పుడు మూడు వందల ముప్పై ఒకటి. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను. అదే అంకె.

ముప్పై ఆరు తక్కువ. ముఖానికి నాలుగు. ఎనభై నుంచి ఎనభై ఎనిమిది దాకా ఎన్ని ఫిబ్రవరులో వేళ్ళ మీద లెక్కపెట్టాను. తొమ్మిది. బొటనవేలు మూడో వేలి ఆఖరి కణుపు మీద ఆగింది. అక్కణ్ణించి కదల్చడానికి నాకు భయమేసింది.